లైనక్స్ ల్యాప్‌టాప్, ఇంటి వైఫై, నా క్లయింట్ల ఫైళ్లు

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఇంట్లోనే కూర్చుని చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు, ఆదాయపు పన్ను ఫారాలు వేసిపెట్టడం నా పని. నా ల్యాప్‌టాప్‌లో మా ఇంటి ఫొటోల కన్నా ఊళ్లోవాళ్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డులే ఎక్కువ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నా ప్రాసెసరేమో విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో లేదు. మెషీన్ మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది, పారేయడానికి మనసొప్పలేదు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు "లైనక్స్ మింట్ వేసుకో మామయ్యా, నీ పనికి బ్రౌజరు, లిబ్రే ఆఫీసు ఉంటే చాలు" అన్నాడు. విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అది. వేసుకున్నాను. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో పడ్డ పాట్లు వేరే పురాణం, అది ఇక్కడ ఎత్తను. ఇది వైఫై సంగతి.

మింట్ లేచింది గానీ వైఫై ఊసే లేదు. మూలనున్న నెట్‌వర్క్ బొమ్మ నొక్కితే చుట్టుపక్కల వైఫైల జాబితా రావాలి కదా, ఏమీ రాలేదు. చాలామంది ఇక్కడే లైనక్స్‌ను నాలుగు తిట్టి వెనక్కి వెళ్లిపోతారు. లోపలున్న కార్డు ఏ కంపెనీదో, ఏ మోడలో తెలిస్తే సగం పని అయినట్టే. కమాండులు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని, ఖాళీ వదిలి, గీత పెట్టి ఎన్‌ఎన్‌కే అని కొడితే బోర్డు మీదున్న పరికరాలన్నీ వరుసగా వస్తాయి. నా దాంట్లో బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని వచ్చింది. దాని కింద ఏ డ్రైవరు, అంటే కార్డును నడిపే ఏ ప్రోగ్రాము, వాడుతున్నదీ చెప్పే వరుస ఉండాలి, అది లేదు. కార్డు కనిపిస్తోంది గానీ నడిపే డ్రైవరు లేదన్నమాట.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. కీబోర్డు మీద విమానం బొమ్మ మీట తగిలి వైఫై ఆగిపోయినా ఇలాగే ఉంటుంది. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండు ఇస్తే సాఫ్ట్ బ్లాక్, హార్డ్ బ్లాక్ అని రెండు వరుసలు చూపిస్తుంది. మొదటిది కమాండుతో తీసేయొచ్చు, రెండోదానికి మీట నొక్కాల్సిందే. నాకు రెండిటి దగ్గరా "లేదు" అనే ఉంది.

డ్రైవరు దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవరు కావాలి. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే మింట్ దాన్ని వైరు నెట్‌వర్కులా వెంటనే పట్టుకుంది. డ్రైవర్ మేనేజర్‌లో బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ అనే డ్రైవరు కనిపించింది. టిక్ పెట్టి అప్లై నొక్కాను. మధ్యలో ఒక కొత్త పాస్‌వర్డు పెట్టమంది. లాగిన్ పాస్‌వర్డుకూ దీనికీ సంబంధం లేదు, ఇది మెషీన్ లేచేటప్పుడు నమ్మదగ్గ ప్రోగ్రాములనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ కోసం. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవరును లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ లోపలికి రానివ్వదు. ఈ డ్రైవరు మన మెషీన్ మీదే తయారవుతుంది, మన మెషీనే ఒక కీ పుట్టించి దానితో సంతకం పెడుతుంది. ఆ కీని నమ్మొచ్చని మదర్‌బోర్డుకు మనమే ఎదురుగా కూర్చుని చెప్పాలి. రీస్టార్ట్ కాగానే నీలం తెర వచ్చి, ఏదో ఒక మీట నొక్కమని పది సెకన్లు ఆగుతుంది. నొక్కాక ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యెస్, ఇందాకటి పాస్‌వర్డు, రీబూట్. ఆ పది సెకన్లలో టీ గ్లాసు కోసం లేచారంటే మామూలుగా బూట్ అయిపోతుంది. డ్రైవరు మాత్రం లోడ్ కాదు, ఎందుకు కాలేదో తెర మీద ఎక్కడా కనబడదు.

"ఇదంతా ఎందుకు మామయ్యా, బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేయ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు మా వాడు ఫోన్‌లో. బయాస్ అంటే మెషీన్ లేచేముందు వచ్చే సెట్టింగుల తెర. సెక్యూరిటీ కోసం ఇంత తంటాలు పడుతూ ఉన్నది కాస్తా ఆపేయడమేంట్రా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ నీలం తెర దాటితే మూడు నిమిషాల పని, ఆపేయాల్సిన అవసరమేమీ లేదు.

వైఫై తగిలింది, పోర్టల్ తెరుచుకుంది. మామూలుగా అయితే కథ ఇక్కడితో సరి. కానీ ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లోపల తప్పు ఎంట్రీ లేదని ఏ లెక్కలవాడూ అనడు. నెట్ రావడం ఒక సంగతి, నా ల్యాప్‌టాప్‌కూ రౌటరుకూ మధ్య గాల్లో పోయేది మూడోవాడు వినలేడని తేల్చుకోవడం ఇంకో సంగతి. ఆ రెండో పనికే ఎక్కువ సమయం పట్టింది.

నెట్‌వర్క్ బొమ్మ పక్కన కనిపించే తాళం అది ఏ రకం తాళమో చెప్పదు. ఎన్‌ఎంసీఎల్‌ఐ అనే కమాండుతో వైఫై జాబితా తీస్తే చివరి నిలువు వరుసలో అది ఉంటుంది. మా వీధిలో చాలావాటికి డబ్ల్యూపీఏ2 అని ఉంది, ఒకటికి ఏ సెక్యూరిటీ లేదని గీతలు ఉన్నాయి. మా ఇంటి పేరు ఎదురుగా డబ్ల్యూపీఏ1 డబ్ల్యూపీఏ2 అని రెండూ ఉన్నాయి. రెండు ఉంటే మరీ మంచిది కదా అనిపిస్తుంది చూడగానే. వ్యవహారం తిరగేసి ఉంది.

వైఫై 1997లో వచ్చినప్పుడు దానితో వచ్చిన రక్షణ పేరు డబ్ల్యూఈపీ. 2001 నాటికే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు దాని లోపలి లోపాన్ని బయటపెట్టారు. ఉన్న పాత పరికరాలను పారేయకుండా సాఫ్ట్‌వేర్ మార్పుతో గట్టెక్కించడానికి 2003లో డబ్ల్యూపీఏ తెచ్చారు, జాబితాలో డబ్ల్యూపీఏ1 అని కనిపించేది ఇదే. అందులో వాడే టీకేఐపీ పద్ధతి అప్పటికప్పుడు వేసిన అతుకు, లోపల ఇంజను డబ్ల్యూఈపీలో వాడిన పాత ఆర్‌సీ4దే. అసలు మందు 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అనే గట్టి తాళం పద్ధతి ఆధారంగా పనిచేసే సీసీఎంపీతో. రౌటరులో రెండూ కలిపి పెడితే ఏమవుతుందంటే, ల్యాప్‌టాప్‌కూ రౌటరుకూ మధ్య విడిగా జరిగే మాటలకు ఏఈఎస్ వాడినా, ఇంట్లో అన్ని పరికరాలకూ కలిపి పంపే సందేశాలకు అందరికీ అర్థమయ్యే బలహీనమైన పద్ధతినే వాడాలి. అదే కమాండుకు అన్ని వివరాలూ చూపించమని చెబితే గ్రూప్ టీకేఐపీ అని స్పష్టంగా రాసి ఉంది. మా ఇంట్లో డబ్ల్యూపీఏ1 మాత్రమే తెలిసిన పరికరం ఒక్కటీ లేదు. ఎవరికోసం పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి.

రౌటరు కేబుల్ ఆపరేటరు ఇచ్చిన ఫైబర్ డబ్బా. కబురు చేస్తే కుర్రాడు వచ్చాడు. మంచివాడు, తుఫాను వానలో కూడా స్తంభం ఎక్కి కనెక్షన్ ఇచ్చిన మనిషి. "ఏటి సార్, పాస్‌వర్డ్ ఉంది కదా, ఇంకేటి కావాలి?" అన్నాడు. ఏఈఎస్ ఒక్కటే ఉంచమన్నాను. ఉంచాడు, అందులో పేచీ లేదు. వీటి తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉందా అంటే ఈ మోడల్‌లో లేదన్నాడు. అడ్మిన్ పాస్‌వర్డు మారుస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "అది మార్చీసారంటే రేపు లైను పోతే మేం చూడలేం సార్, అందరి ఇళ్లల్లోనూ ఒకటే ఉంటాది." ఆ చివరి మాట అతను ధైర్యం చెప్పడానికన్నాడు.

ఇక వైఫై పాస్‌వర్డు. కనెక్షన్ ఇచ్చినప్పుడు పెట్టింది, నా పది అంకెల మొబైల్ నంబరే. మా సందులో సగం ఇళ్లకు ఇదే పద్ధతి. నా బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, జీఎస్టీ రిజిస్ట్రేషన్లలో ఉన్న నంబరు అది. సరే, నంబరు తెలియనివాడి సంగతే చూద్దాం. డబ్ల్యూపీఏ2లో ఫోను గానీ ల్యాప్‌టాప్ గానీ రౌటరుకు తగిలేటప్పుడు నాలుగు సందేశాలు అటూ ఇటూ నడుస్తాయి. వీధిలో నిలబడి వాటిని పట్టుకున్నవాడు ఇంటికి పోయి తీరిగ్గా, రౌటరుతో సంబంధం లేకుండా పాస్‌వర్డులు ఊహించుకుంటూ సరిచూసుకోవచ్చు. ఊహ ఒక్కొక్కటీ కష్టం కావాలనే లోపల 4,096 సార్లు లెక్క తిప్పుతారు. అయినా మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు లక్షల ఊహలు తేల్చేస్తుంది.

లెక్కలు నా పని కనుక వేసి చూశాను. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, కాబట్టి మొత్తం 400 కోట్లు. సెకనుకు 5 లక్షల చొప్పున 8,000 సెకన్లు. అంటే రెండు గంటల పదమూడు నిమిషాలు, అదీ చిట్టచివరి నంబరు దాకా పోతే. పది అంకెలు పొడుగ్గానే కనిపిస్తాయి గానీ లోపల సరుకు ఇంతే.

అందుకే ఇంట్లో ఉన్న పాత తెలుగు నిఘంటువు తీసి, కళ్లు మూసుకుని పేజీ తెరిచి, వేలు పడ్డ మాట రాసుకుంటూ ఆరు మాటలు పోగేశాను. మాకు పెట్టింది చెప్పను గానీ ఇలాంటిది: తెడ్డు, గుమ్మడి, కొలిమి, వియ్యం, పసరు, అటక. ఇంగ్లిషు అక్షరాల్లో నాకు తోచిన స్పెల్లింగుతో, మధ్యలో గీతలతో. పుస్తకంలో పదివేల మాటలే ఉన్నాయనుకున్నా ఆరు మాటల వరుసలు ఒకటి పక్కన 24 సున్నాలు. ఇందాకటి వేగంతో 6,300 కోట్ల సంవత్సరాలు. వైఫై పాస్‌వర్డు 63 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది, చోటు చాలుతుంది. మాటలు మన మనసుకు నచ్చినవి ఏరుకుంటే మాత్రం ఈ లెక్క చెల్లదు, వేలు పడ్డదే తీసుకోవాలి. మా ఆవిడ కొలిమి, పసరు లాంటివి చూసి ఇవేం మాటలండీ అంది గానీ, రెండో రోజుకల్లా చూడకుండా టైపు చేసింది.

డబ్బా పెత్తనం ఆపరేటరు చేతిలో ఉన్నంతకాలం నాకు స్థిమితం లేదు. దాని వైఫై ఆపించేసి, దానికి నెట్‌వర్క్ తీగతో నా సొంత రౌటరు తగిలించాలని నిర్ణయించుకున్నాను. డబ్ల్యూపీఏ3 ఉన్న మామూలు రౌటరు చాలు. అది పెట్టాక అసలు చిక్కు ల్యాప్‌టాప్ దగ్గరే వచ్చింది. పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డు ఇస్తే తిరిగి తిరిగి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. డబ్ల్యూపీఏ3కి కనెక్షన్ కలపడానికి, తెంపడానికి నడిచే సందేశాలకు (మేనేజ్‌మెంట్ ఫ్రేములకు) రక్షణ, అంటే పీఎంఎఫ్, తప్పనిసరి. ఆ బ్రాడ్‌కామ్ డ్రైవరుకు అది రాదు. దాని కంపెనీ లైనక్స్ కోసం చివరిసారి కొత్త వెర్షన్ విడుదల చేసింది 2015లో. అప్పటి నుంచి కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా డిస్ట్రో వాళ్లే, అంటే మింట్ లాంటివి తయారుచేసేవాళ్లే, మరమ్మతులు చేసి నెట్టుకొస్తున్నారు. అదీగాక ఆ కార్డుకు 5 గిగాహెర్ట్జ్ కూడా లేదు. దాన్ని పట్టుకుని వేలాడటం దండగ అనిపించింది.

కార్డు మార్చడం మీద నాలుగు ముక్కలు వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే. మొదటిది, కొన్ని కంపెనీల పాత ల్యాప్‌టాప్‌లలో బయాస్ తన జాబితాలో లేని వైఫై కార్డు పెడితే బూటే కాదు. మీ మోడల్‌కు ఆ పట్టింపు ఉందో లేదో కొనేముందే కనుక్కోవాలి. రెండోది, స్లాటు. నాది ఎం.2, అంతకన్నా పాతవాటిలో మినీ పీసీఐఈ ఉంటుంది, ఒకదానిది ఇంకోదానిలో పట్టదు. మూడోది అన్నిటికన్నా మోసం. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 అని రెండు కార్డులున్నాయి. చూడటానికి కవలలు. ఏఎక్స్200 మామూలు పీసీఐఈ కార్డు, ఏఎండీ ప్రాసెసరు ఉన్నా పనిచేస్తుంది. ఏఎక్స్201లో సగం పని ప్రాసెసరు వైపున్న ఇంటెల్ చిప్‌సెట్టే చేయాలి, ఆ ఏర్పాటు లేని పాత మెషీన్‌లో పెడితే అది ఉత్త రేకు ముక్క. ద్వారకానగర్‌లో దుకాణంలో అడిగితే 201 తీసి చేతిలో పెట్టి "ఒకటే సార్, ఇది ఇంకా లేటెస్టు" అన్నారు. వద్దని 200 తెప్పించమన్నాను. నాలుగోది, యాంటెన్నా తీగలు. పాత కార్డుకు ఒకే యాంటెన్నా చాలు కనుక కొన్ని కంపెనీలు ల్యాప్‌టాప్‌లో ఒక్క తీగే వేసి వదిలేస్తాయి. కొత్తదానికి రెండు కావాలి. మూత తీశాక రెండు తీగలూ కనిపించాయి, ఒకటి టేపు కింద ఊరికే పడి ఉంది.

మూత తీయడం కూడా మాటలు కాదు. సముద్రపు గాలి ఊరు, అడుగున స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. చివరికి ఒక చుక్క నూనె వేసి, కాసేపు వదిలి, సరిపోయే స్క్రూడ్రైవరుతో గట్టిగా నొక్కి తిప్పితే వదిలాయి. బ్యాటరీ కనెక్టరు ముందు పీకేయాలి. యాంటెన్నా తీగల చివర ఉన్న గుండ్రటి టోపీలను నిటారుగా పైకి తీయాలి, పక్కకు లాగితే ఊడి చేతికొస్తాయి. పెట్టేటప్పుడు టక్ మని చిన్న చప్పుడు వినిపించాలి.

బూట్ కాగానే వైఫై కనిపించింది. ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవరు కెర్నెల్‌లోనే ఉంది, కార్డు లోపల నడిచే ప్రోగ్రాము, ఫర్మ్‌వేర్, మింట్‌తోనే వచ్చింది. డ్రైవర్ మేనేజర్ లేదు, నీలం తెర లేదు. పాత బ్రాడ్‌కామ్ ప్యాకేజీని తీసిపారేశాను. లైనక్స్‌లో వైఫై కష్టమని జనం చెప్పుకునేదాంట్లో ముప్పాతిక వంతు ఆ ఫలానా కార్డుల కష్టమే అని నా అభిప్రాయం. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని అడిగేవాళ్లు వైఫై చిప్ ఎవరిదని అడగరు.

ఇప్పుడు సెట్టింగ్. రౌటరును డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్‌లో ఉంచక తప్పలేదు, మా ఆవిడ ఫోను పాతది. డబ్ల్యూపీఏ3లో ఎస్‌ఏఈ అనే పద్ధతి ఉంటుంది. గాల్లో సందేశాలు పట్టుకుపోయి ఇంట్లో తీరిగ్గా ఊహించుకునే ఆట దాంట్లో సాగదు, ప్రతి ఊహకూ రౌటరును అడగాల్సిందే. కానీ రెండూ కలిపిన మోడ్‌లో, మా పేరుతోనే డబ్ల్యూపీఏ2 మాత్రమే తెలిసిన దొంగ రౌటరు పెట్టి ల్యాప్‌టాప్‌ను కిందికి దింపే వీలుంది. డ్రాగన్‌బ్లడ్ అన్న పేరుతో 2019లో బయటపెట్టిన లోపాల్లో ఇదీ ఒకటి. దీనికి మందు ల్యాప్‌టాప్ వైపే ఉంది. నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కనెక్షన్ సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 పర్సనల్ అని పెడితే, అంటే కమాండులో కీ మేనేజ్‌మెంట్‌ను ఎస్‌ఏఈ అని రాస్తే, ఇక అది డబ్ల్యూపీఏ2కు దిగనే దిగదు. డబ్ల్యూపీఏ-పీఎస్‌కే అని వదిలేస్తే ఏది దొరికితే దానితో సర్దుకుంటుంది. పీఎంఎఫ్‌ను తప్పనిసరి అని పెట్టాను. అది లేనప్పుడు "నువ్వు వెళ్లిపో" అనే దొంగ సందేశం పంపి మన కనెక్షన్‌ను ఎవడైనా తెంపొచ్చు. తెంపితే ల్యాప్‌టాప్ మళ్లీ తగులుతుంది, ఆ నాలుగు సందేశాలు మళ్లీ వాడి చేతిలో పడతాయి.

పెట్టాను కదా అని నమ్మి వదల్లేదు. డబ్ల్యూపీఏ-సీఎల్‌ఐ స్టేటస్ అడిగితే కీ మేనేజ్‌మెంట్ ఎస్‌ఏఈ, జంట సైఫర్ (ల్యాప్‌టాప్‌కూ రౌటరుకూ మధ్య వాడే తాళం పద్ధతి) సీసీఎంపీ, గ్రూప్ సైఫర్ (అందరికీ కలిపి వాడేది) సీసీఎంపీ అని వచ్చింది. టీకేఐపీ అనే మాట ఎక్కడా లేదు. నేను చూడాలనుకున్నది ఆ మూడు వరుసలే.

రౌటరులో మిగతావి గబగబా అయిపోయాయి. అడ్మిన్ పాస్‌వర్డు మార్చాను, బయటి నుంచి లాగిన్ అయ్యే వీలు ఆపాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను. డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డు బదులు పిన్‌తో వైఫైకి తగిలే ఏర్పాటు, మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి, కొత్త రౌటరులో కూడా అది ఆన్‌లోనే వచ్చింది. ఎనిమిది అంకెల పిన్ అంటే పది కోట్ల అవకాశాలనుకుంటాం. చివరి అంకె సరిచూసుకోవడానికి వేసినది, మిగతా ఏడింటినీ రౌటరు నాలుగు, మూడుగా విడదీసి విడివిడిగా సరో కాదో చెప్పేస్తుంది. పదివేలు, వెయ్యి, కలిపితే 11,000. ఇది 2011లోనే బయటపడింది. ఎంత గట్టి పాస్‌వర్డు పెట్టినా ఈ పిన్ పక్కనే ఉంటే దండగ. ఆపేశాను.

ఛానల్ సంగతి కూడా ఒక ముక్క. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలితే రౌటరు వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేయాలి. నేవీ ఉన్న ఊళ్లో ఎందుకొచ్చిన గొడవ అని 36 పెట్టాను. రౌటరులో దేశం భారత్ అని సరిగ్గా ఉందో లేదో కూడా చూడండి. ఈ ఇంటెల్ కార్డు తానున్న దేశం ఏదో చుట్టుపక్కల రౌటర్లను బట్టి తనే తేల్చుకుంటుంది, మనం కమాండుతో మార్చినా వినదు.

మా అమ్మాయి సెలవుల్లో ఇదే ల్యాప్‌టాప్ వాడుతుంది, కాలేజీకి కూడా పట్టుకెళ్తుంది. అక్కడి వైఫై ఎంటర్‌ప్రైజ్ రకం, ఒక్కొక్కరికీ విడి యూజర్‌నేమ్, పాస్‌వర్డు. లైనక్స్‌లో పెద్ద ఫారం తెరుచుకుంటుంది: పీఈఏపీ, ఎంఎస్‌చాప్‌వీ2, సీఏ సర్టిఫికెట్, డొమైన్. కాలేజీ వాళ్లిచ్చిన కాగితంలో "సీఏ సర్టిఫికెట్ అవసరం లేదు" అన్న దగ్గర టిక్ పెట్టమని ఉంది. టిక్ పెడితే నెట్ చిటికెలో వస్తుంది, అదే దాని ఆకర్షణ. కానీ ఆ సర్టిఫికెట్ చూసే ల్యాప్‌టాప్ తాను మాట్లాడుతున్నది నిజంగా కాలేజీ సర్వరుతోనేనా అని తేల్చుకుంటుంది. చూడొద్దంటే, అదే పేరుతో క్యాంటీన్‌లో ఎవడు రౌటరు పెట్టినా పాస్‌వర్డు తాలూకు ముద్ర వాడి చేతిలో పెట్టేస్తుంది. పాస్‌వర్డును సరిచూసే ఎంఎస్‌చాప్‌వీ2 పద్ధతిని ఎంత తేలిగ్గా విప్పొచ్చో 2012లోనే చేసి చూపించారు.

"నాన్నా, అందరూ టిక్కే పెడుతున్నారు" అంది. ఆ పాస్‌వర్డుతోనే నీ మార్కులు, ఫీజు రసీదులు తెరుచుకుంటాయి కదమ్మా అన్నాను. వాళ్ల ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగితే సర్టిఫికెట్ ఫైలు, సర్వరు డొమైన్ పేరు రెండూ ఇచ్చాడట, అడిగినవాళ్లే లేరన్నాడట. అవి పెట్టాక టిక్ తీసేసినా చక్కగా తగిలింది.

బయట వాడేటప్పుడు, స్టేషన్‌లోనో బీచ్ రోడ్డు కాఫీ షాపులోనో, నేను ఎక్కువ కసరత్తు చేయను. పాస్‌వర్డు లేని నెట్‌వర్కులకు దానంతటదే తగిలే టిక్ తీసేశాను, ఆ ప్రొఫైళ్లలో మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు సంఖ్య) రాండమ్ అని పెట్టాను, ఫైర్‌వాల్ ఆన్ చేశాను. మింట్‌లో ఫైర్‌వాల్ ఉంటుంది గానీ మనం ఆన్ చేస్తే తప్ప ఆఫ్‌లోనే ఉంటుంది. క్లయింట్ల పని మాత్రం బయటి వైఫై మీద చేయను, ఫోన్ డేటా ఉంది కదా.

ఇంకొకటి. ఇంత కష్టపడి పెట్టిన వైఫై పాస్‌వర్డును నెట్‌వర్క్ మేనేజర్ ఈటీసీ ఫోల్డరులో ఒక ఫైలులో మామూలు అక్షరాల్లోనే దాచుకుంటుంది. రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజరు, తప్ప వేరే యూజరు చదవలేడు, నిజమే. కానీ ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయినవాడు డిస్కు ఊడదీసి ఇంకో మెషీన్‌కు తగిలిస్తే రూట్ వాడే. మింట్ వేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకున్నాను కనుక ఆ బెంగ లేదు. ఇప్పటికే మామూలుగా వేసేసినవాళ్లు ఫైళ్లు కాపీ చేసుకుని మళ్లీ వేసుకోవడం తేలిక.

లైనక్స్ కదా, మనకేం కాదులే అనేవాళ్లకు 2017 అక్టోబరు గుర్తు చేస్తాను. బెల్జియం పరిశోధకుడు మ్యాథీ వాన్‌హోఫ్ డబ్ల్యూపీఏ2లో బయటపెట్టిన క్రాక్ లోపం గట్టిగా తగిలింది లైనక్స్‌కు, ఆండ్రాయిడ్‌కే. అప్పట్లో అవి వాడే వైఫై ప్రోగ్రాము మోసపోయి అన్నీ సున్నాలున్న కీని పెట్టుకునేది. అప్‌డేట్ వచ్చింది, వేసుకున్నవాళ్లు బాగుపడ్డారు. నేను అప్‌డేట్ మేనేజర్ బొమ్మను ఇప్పుడు వాయిదా వేయను.

ఇంకా తెగనిది ప్రింటరు. దానికి 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 తప్ప వేరేది తెలియదు. టీవీతో పాటు దాన్నీ గెస్ట్ నెట్‌వర్కులో పడేశాను. గెస్ట్‌లో ఉన్నవి నా ల్యాప్‌టాప్‌ను చూడలేవు, అందుకే ల్యాప్‌టాప్ కూడా ప్రింటరును చూడలేకపోతోంది. రౌటరులో దాని ఒక్కదానికి దారి తెరవొచ్చు అంటున్నాడు మా మేనల్లుడు, ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఈలోగా జీఎస్టీ చలాన్లన్నీ యూఎస్‌బీ కేబుల్ పెట్టే తీస్తున్నాను.